భూగర్భ సంపద ఎవరి సొత్తు?

 

2019లో ఆళ్లగడ్డ మండలంలో యురేనియం కోసం బోర్లు వేస్తున్నారని తెలిసి చుట్టుపక్కల ఊళ్లలో ఆందోళన మొదలైంది. ఆ రోజుల్లో ఒక శుక్రవారం ఆళ్లగడ్డలో జుమా నమాజు ముగిశాక ఒక రైతు సోదరుడు నన్ను ఆపాడు. "హజ్రత్, పైన పండే జొన్న నాదైనప్పుడు నా చేను కింద ఉండేది సర్కారుది ఎట్లయితాది? గ్యాసో, నూనో, ఇంకోటో, ఏది పడినా నాదే కదా?" అని అడిగాడు. పక్కనే ఉన్న మరో సోదరుడు కువైట్‌లో ఏళ్ల తరబడి డ్రైవరుగా పనిచేసి వచ్చినవాడు. "అక్కడ నూనె పడితే దేశం బాగుపడింది. ఇక్కడ పడితే కంపెనీ బాగుపడుతుంది, అంతే" అంటూ నవ్వాడు.

మదరసాలో చదివిన హనఫీ మసలా గుర్తుకొచ్చి, "సొంత భూమిలో దొరికిన ఖనిజం భూయజమానిదే భాయ్" అని చెప్పేసి నంద్యాల బస్సెక్కాను. కాని దారి పొడవునా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను చెప్పింది తప్పు కాదు, కాని అది సగం జవాబే. ఆ సోదరుడికి బాకీపడిన మిగతా సగం ఇప్పుడు పాఠకుల ముందుంచుతున్నాను.

అసలు యజమాని ఎవరు?

ఆకాశాల్లో ఉన్నవి, భూమిలో ఉన్నవి, ఆ రెంటి మధ్య ఉన్నవే కాక, తడిమట్టి అడుగున ఉన్నవి కూడా తనవేనని అల్లాహ్ తాహా సూరాలో ప్రకటించాడు (తాహా: 6). ఈ చివరి మాట మీద ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మనిషి కంటికి కనిపించని ఆ పొరను కూడా పేరు పెట్టి చెప్పడంలోనే మన ప్రశ్నకు తొలి జవాబు ఉంది. మీ చేతుల్లో ఉన్న సంపదకు మీరు ప్రతినిధులు మాత్రమేనని హదీద్ సూరా బోధిస్తోంది (హదీద్: 7). ప్రతినిధి చేతిలో ఉన్నది అమానత్. అంటే అప్పగింత. దాన్ని వాడుకోవచ్చు. కాని దానికి లెక్క చెప్పాలి.

ఇక మనుషుల మధ్య పంపకం సంగతి. ఈ విషయంలో ధర్మవేత్తలు మూడు దారులు చూపారు. హనఫీ పండితుల ప్రకారం సొంత భూమిలోని ఖనిజం భూయజమానికి చెందుతుంది. మాలికీ మజ్హబ్‌లో ప్రసిద్ధమైన అభిప్రాయం ప్రకారం గని ఎవరి భూమిలో బయటపడినా దాని అధికారం పాలకుడిదే. అది ఆయన సొంతానికి కాదు, ప్రజల మేలుకు. షాఫయీ, హంబలీ పండితులు ఖనిజాలను రెండు రకాలుగా విడదీశారు. పెద్ద శ్రమ లేకుండా అందేవి ఒక రకం. తవ్వి, కరిగించి తీయాల్సినవి రెండో రకం. హిజ్రీ 620లో మరణించిన ఇమామ్ ఇబ్ను ఖుదామా తన 'అల్ ముగ్నీ' గ్రంథంలో ఉప్పు, గంధకం, తారుతోపాటు 'నఫ్త్'ను కూడా మొదటి రకంలోనే చేర్చారు. నఫ్త్ అంటే నేలలోంచి ఊరే చమురు. ఇలాంటి వాటిని ఒక్కడికే రాసివ్వడం తగదనీ, అది జనానికి నష్టం, ఇరుకు అవుతుందనీ ఆయన వివరించారు. చమురు బావుల యుగం ఇంకా ఆరు శతాబ్దాల దూరంలో ఉన్నప్పుడే మన పెద్దలు దాన్ని గురించి ఆలోచించి పెట్టారు!

దీనికి ఆధారం అబ్యజ్ బిన్ హమ్మాల్ (రజి) ఉదంతం. ఆయన యెమెన్ నుంచి వచ్చి మారిబ్‌లోని ఉప్పు నేలను తనకు ఇప్పించమని దైవప్రవక్త (స)ను కోరారు. ఆయన (స) ఇచ్చారు. అబ్యజ్ వెళ్లిపోతుండగా సభలో ఉన్న ఒకాయన, "దైవప్రవక్తా! తమరు ఇచ్చింది ఎన్నటికీ ఇంకని నీటి ఊటలాంటిది" అన్న భావంతో విషయం తెలియజేశారు. అంతే, దైవప్రవక్త (స) ఆ ఉప్పు నేలను వెనక్కి తీసుకున్నారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఈ ఉదంతం ఉంది. నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములేనన్న హదీసు కూడా అబూ దావూద్‌లో ఉంది. నేటి మన వంటింటి నిప్పు ఏమిటి? గ్యాసే కదా!

వెతికినవాడి హక్కు ఎంత?

"అయితే కోట్లు పోసి వెతికినవాడికి ఏమీ లేదా?" అని అడగవచ్చు. తప్పకుండా ఉంది. మారిబ్ ఉప్పు నేలపైనే దొరికేది. నేటి వాయువు సముద్రం కింద, వేల అడుగుల రాతి అడుగున ఉంటుంది. ఎక్కడ ఉందో, ఎంత ఉందో అగోచర జ్ఞానం. శాస్త్రజ్ఞులు అంచనా వేయగలరే గాని హామీ ఇవ్వలేరు. 2005లో కాకినాడ తీరంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల వాయువు ఉందని గుజరాత్ ప్రభుత్వ సంస్థ ఒకటి ప్రకటించింది. తర్వాత ఆ లెక్క ఎంతో కిందికి దిగింది. చివరకు 2017లో ఆ సంస్థ తన వాటాను ఓఎన్‌జీసీకి అమ్ముకుంది. ఇలాంటి నష్టభయాన్ని నెత్తిన వేసుకున్నవాడికి శ్రమఫలం, పెట్టుబడి, న్యాయమైన లాభం దక్కాల్సిందే. కాని వెతికినందుకు వచ్చే ప్రతిఫలం వేరు, దొరికినదానిపై యాజమాన్యం వేరు. బావి తవ్వినవాడికి కూలి ఇస్తాం, ఊరి దప్పిక మీద పెత్తనం ఇవ్వం.

ఆశ్చర్యమేమిటంటే, మన దేశపు అత్యున్నత న్యాయస్థానం కూడా ఇదే మెట్టుకు చేరింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో కాకినాడకు దూరంగా సముద్రంలో 2002లో పెద్ద వాయు నిక్షేపం బయటపడింది. దాని ధర విషయమై అంబానీ సోదరుల కంపెనీల మధ్య వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. 2010 మే 7న తీర్పు వచ్చింది. అన్నదమ్ములు తమలో తాము రాసుకున్న ఒప్పందాన్ని బట్టి కాక ప్రభుత్వ విధానాన్ని బట్టే వాయువు పంపిణీ జరగాలనీ, సహజ వనరులు ప్రజలవనీ, ప్రభుత్వం వాటిని ప్రజల తరఫున ధర్మకర్తగా మాత్రమే నిర్వహిస్తుందనీ ఆ తీర్పు సారాంశం. ధర్మకర్త అన్న ఆ మాటే మన భాషలో అమీన్. ప్రభుత్వం అమీన్ అయితే దాన్ని అడిగే హక్కు ప్రజలకుంది. సమాధానం చెప్పే బాధ్యత పాలకులకుంది.

పొలంలోంచి పోయే గొట్టం

ఇప్పుడు రైతు సోదరుడి ప్రశ్నకు తిరిగి వద్దాం. వాయువు తనది కాదనుకున్నా, పైన ఉన్న నేల తనదే కదా! అన్యాయంగా జానెడు నేలను ఆక్రమించినవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూముల మేర అది చుట్టబడుతుందన్న హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. దీనిని వివరిస్తూ హాఫిజ్ ఇబ్ను హజర్, నేల సొంతమైతే దాని అడుగు కూడా సొంతమేననీ, పొరుగువారికి హాని కలగనంతవరకు యజమాని ఎంత లోతైనా తవ్వుకోవచ్చనీ రాశారు. మరి అలాంటి పొలంలోంచి సర్కారు గొట్టం వేయవచ్చా?

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఇలాంటి తగాదానే వచ్చింది. జహ్హాక్ బిన్ ఖలీఫా అనే ఆయన ఒక కాలువ తీసుకుపోవాలనుకున్నారు. అది ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) పొలంలోంచి పోవాలి. ఆయన ఒప్పుకోలేదు. తగాదా ఖలీఫా దగ్గరకు చేరింది. ఉమర్ (రజి) ఆయన్ను పిలిచి, ఆ నీళ్లు మొదటా చివరా నువ్వూ తాగుతావు, నీకు నష్టమేమీ లేదు, ఎందుకు ఆపుతున్నావని నిలదీశారు. అయినా ఆయన ససేమిరా అనడంతో, నీ పొట్ట మీదుగానైనా సరే ఆ కాలువ సాగుతుందని తీర్పు చెప్పారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) 'మువత్తా'లో ఈ తీర్పును నమోదు చేశారు.

ప్రజల మేలు కోసం ఒకరి పొలంలోంచి దారి తీయవచ్చనడానికి ఈ తీర్పును చూపుతారు. నిజమే. కాని ఉమర్ (రజి) ముందుగా చెప్పిన రెండు మాటలను మరవకూడదు. నీకూ మేలుంది, నీకు నష్టం లేదు. ఈ రెండూ ఉన్నప్పుడే పొట్ట మీదుగా కాలువ న్యాయమవుతుంది.

ఈ కొలబద్దతో కోనసీమను చూడండి. గొట్టాల కోసం భూమిని వాడుకునే హక్కును ప్రభుత్వం తీసుకోవడానికి 1962లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం భూమి రైతు పేరునే ఉంటుంది. కాని గొట్టం పోయిన మేర ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరిచెట్టే జీవనాధారమైన చోట చెట్టు నాటకూడదంటే ఏమిటో ఊహించండి! జరిగిన నష్టానికి పరిహారంతోపాటు, ఆ హక్కు తీసుకున్నందుకు చట్టం ఇచ్చేది భూమి మార్కెట్ విలువలో 10 శాతం. మరి మేలు సంగతి? నేల మీది బావుల నుంచి రాష్ట్రానికి రాయల్టీ వస్తుంది. సముద్రంలో దొరికేది మాత్రం రాజ్యాంగం 297వ అధికరణ ప్రకారం కేంద్రానిది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైన ఆ సముద్ర వాయువు కొంత మన రాష్ట్రపు విద్యుత్ కేంద్రాలకూ అందింది. కాని కాకినాడ సమీపంలోని గాడిమొగ నుంచి గుజరాత్‌లోని భరూచ్ వరకు సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టం వేసి పడమటికి తరలించినప్పుడు, మొదట తాగాల్సింది ఎవరని గోదావరి జిల్లాల ప్రజలు అడిగితే అందులో తప్పేముంది? ఉమర్ (రజి) తీర్పులోని మాటే కదా అది!

రాయలసీమ పరిస్థితి కొంత వేరు. సున్నపురాయి వంటి ఖనిజాలు తీసే చోట స్థానికుల కోసం జిల్లా ఖనిజ నిధి ఉండాలని 2015లో ఖనిజాల చట్టాన్ని సవరించారు. నంద్యాల జిల్లాలోని సున్నపురాయి గనులకు అది వర్తిస్తుంది. చమురు, సహజవాయువులు ఆ చట్టం పరిధిలోకి రావు. రాయి తీసినచోట ఊరికి వాటా ఉన్నప్పుడు, వాయువు తీసినచోట ఎందుకుండకూడదు?

విధిరాత అని తప్పుకోవచ్చా?

ఇక రెండో షరతు, నష్టం లేకపోవడం. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అదుపు తప్పి మంటలు ఎగిశాయి. వాటిని ఆర్పడానికి 65 రోజులు పట్టింది. చుట్టుపక్కల జనం ఇళ్లూ వాకిళ్లూ విడిచి వెళ్లాల్సి వచ్చింది. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ సంస్థ గొట్టం నుంచి వాయువు బయటికి వచ్చి ఊరి మీద కమ్ముకుంది. టీ కొట్టులో పొయ్యి వెలిగించడంతో అది అంటుకుందని అప్పటి పత్రికలు రాశాయి. నిద్రలో ఉన్నవాళ్లు, ఇంకా పక్క దిగని పిల్లలు కాలిపోయారు. 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. గొట్టం తుప్పుపట్టిందనీ, గ్యాసు వాసన వస్తోందని గ్రామస్తులు అంతకుముందే చెప్పారనీ కూడా వార్తలు వచ్చాయి.

ఇలాంటి ఘోరం జరిగినప్పుడు మనలో కొందరు, "తఖ్‌దీర్‌లో రాసి ఉంది, ఏం చేస్తాం" అని నిట్టూర్చి ఊరుకుంటారు. చనిపోయినవారి కుటుంబాన్ని ఓదార్చడానికి ఆ మాట సరైనదే. తప్పు చేసినవాడు తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి అదే మాట వాడితే అది విశ్వాసం కాదు, బాధ్యత ఎగవేత. సిరియా వైపు వెళ్తున్న ఉమర్ (రజి) అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసి వెనుదిరిగారు. విధి నుంచి పారిపోతారా అని అడిగితే, అల్లాహ్ రాసిన ఒక విధి నుంచి ఆయనే రాసిన మరో విధి వైపుకే పోతున్నామని బదులిచ్చారు. జాగ్రత్తపడటం కూడా విధిలో భాగమే.

"గనిలో జరిగే ప్రమాదానికి పరిహారం లేదని హదీసులో ఉంది కదా" అని చదువుకున్నవారెవరైనా అడగవచ్చు. బుఖారీ, ముస్లింలలో అలాంటి హదీసు ఉన్న మాట నిజం. అయితే అనుమతి ఉన్న చోట, ఏ హద్దూ మీరకుండా తవ్వినవాడికే అది వర్తిస్తుందని ధర్మవేత్తలు స్పష్టం చేశారు. నడిచే దారిలో గుంట తవ్వినవాడు అందులో పడ్డవాడికి బాధ్యుడే. ఊరి మధ్యలోంచి పోయే గొట్టం తుప్పుపట్టిందని తెలిసీ మార్చకపోతే అది నడిదారిలో తవ్విన గుంట కాదా? పొరపాటున ప్రాణం తీసినవాడు కూడా మృతుని కుటుంబానికి రక్తపరిహారం చెల్లించి ప్రాయశ్చిత్తం చేసుకోవాలని దివ్యఖుర్ఆన్ ఆదేశించింది (నిసా: 92). ఇక్కడ రెండు బాధ్యతలున్నాయి. పరిహారం కుటుంబానికి, పశ్చాత్తాపం అల్లాహ్‌కు. నగరం బాధితులకూ పరిహారం ప్రకటించారు. చెక్కుతో మొదటిది తీరవచ్చు. రెండోది చెక్కుతో తీరదు. ఆ గొట్టం ఇంకో ఊరిని కాల్చకుండా చూసినప్పుడే ఆ పశ్చాత్తాపం నిజమైనదవుతుంది.

పుట్టబోయేవారి వాటా

కువైట్ నుంచి వచ్చిన సోదరుడి మాట కూడా తూచి చూద్దాం. అక్కడ 1938లో బుర్గాన్‌లో చమురు పడింది. ఆ దేశం 1976లో చట్టం చేసి ప్రభుత్వ రాబడిలో ఏటా 10 శాతం రాబోయే తరాల నిధికి కేటాయించింది. 1990లో ఇరాక్ ఆక్రమించినప్పుడు, ఆ తర్వాత దేశాన్ని తిరిగి నిలబెట్టుకున్నప్పుడు ఇలా విదేశాల్లో దాచిన పెట్టుబడులే ఆదుకున్నాయి. మరోవైపు నైజీరియాను చూడండి. 1956లో అక్కడ మొదట చమురు పడిన ఒలోయిబిరి పల్లె పేదరికంలోనే మిగిలింది. ఆ దేశంలోనే ఒగోనీ ప్రాంతపు నేల, నీరు చమురుతో ఎంతగా చెడిపోయాయంటే, శుభ్రపరచడానికి 25 నుంచి 30 ఏళ్లు పడుతుందని 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ నివేదిక తేల్చింది. కాబట్టి చమురు పడటం వరమూ కాదు, శాపమూ కాదు. అది పరీక్ష.

ఇరాక్‌లోని సవాద్ సారవంతమైన నేలలు ముస్లింల వశమైనప్పుడు, వాటిని తమకు పంచమని యోధులు కోరారు. ఉమర్ (రజి) సంప్రదింపులు జరిపి చివరకు నిరాకరించారు. హష్ర్ సూరాలో సంపద మీలోని ధనికుల మధ్యనే తిరగకూడదని చెప్పిన ఆయత్‌ను (హష్ర్: 7), ఆ తర్వాత వారి అనంతరం వచ్చేవారిని ప్రస్తావించిన ఆయత్‌ను (హష్ర్: 10) ఆధారంగా చూపారు. ఇవాళ ఇది పంచేస్తే తర్వాత వచ్చేవారికి ఏం మిగులుతుందన్నదే ఆయన వాదన. పన్ను వచ్చే ఏర్పాటు చేసి నేలను దున్నేవారి దగ్గరే ఉంచారు.

నేల ఏటా పండుతుంది. వాయువు అలా కాదు. తీసింది తీసినట్టే, మళ్లీ ఊరదు. 2009లో మొదలైన ఆ సముద్ర క్షేత్రాల ఉత్పత్తి మరుసటి ఏడాదే శిఖరానికి చేరి, ఆ తర్వాత పడిపోయి, 2020 ఫిబ్రవరిలో ఆగిపోయింది. తర్వాత పక్కనే కొత్త బావులు వచ్చాయి గాని, ఆ మొదటి ఊట ఒక్క తరం పెరిగి పెద్దయ్యేలోపే అయిపోయింది. దాన్ని నమ్ముకుని మన రాష్ట్రంలో కట్టిన విద్యుత్ కేంద్రాలు వాయువు లేక మూలపడ్డాయి. పండే నేలను సైతం పంచడానికి ఉమర్ (రజి) భయపడితే, మళ్లీ పండని దాన్ని ఖర్చు చేసేటప్పుడు మనం ఎంత భయపడాలి!

మన బోరు మాటేమిటి?

ఇంతవరకు కంపెనీల లెక్క, సర్కారు లెక్క చూశాం. ఇక మన లెక్క చూసుకుందాం. కాలువ నీళ్లు అందని చేలల్లో మనమూ భూగర్భాన్ని తవ్వుతున్నాం. పక్కవాడు మూడు వందల అడుగులు వేస్తే మనం ఆరు వందలు వేస్తాం. మన మోటారు నీళ్లు పోస్తుంటే అతని బోరు ఎండిపోతుంది. "నా చేను, నా బోరు" అంటాం. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టాన్ని ఎంతమంది పట్టించుకుంటున్నారు? మన హనఫీ ఫిఖహ్ గ్రంథాలు ఒక బావి చుట్టూ నలభై మూరల హద్దు ఉంచి, అందులో మరొకరు బావి తవ్వకూడదన్నాయి. చేతితో నీళ్లు తోడుకున్న కాలపు హద్దు అది. మోటార్ల కాలంలో ఆ హద్దు ఇంకెంత ఉండాలో మన మనస్సాక్షిని అడగాలి. కోనసీమలో కంపెనీ ఊరిని అడగకుండా తవ్విందని బాధపడేవాడు, తన పొరుగువాడిని అడగకుండా తవ్వితే అతని బాధలో నిజమెంత? హాని చేయరాదు, హానికి హాని బదులూ చేయరాదన్న దైవప్రవక్త (స) నియమం పెద్ద కంపెనీకి ఎంత వర్తిస్తుందో రెండెకరాల రైతుకూ అంతే వర్తిస్తుంది.

చివరగా దైవప్రవక్త (స) చెప్పిన ఒక పూర్వకాలపు ఉదంతం గుర్తు చేసుకుందాం. ఒకాయన భూమి కొన్నాడు. అందులో బంగారం నిండిన కుండ దొరికింది. దాన్ని అమ్మినాయన దగ్గరకు తీసుకెళ్లి, నేను నీ దగ్గర భూమి కొన్నానే గాని బంగారం కొనలేదు, తీసుకో అన్నాడు. అమ్మినాయనేమో, భూమినీ అందులో ఉన్నదాన్నీ కలిపే అమ్మాను, నాకు వద్దు అన్నాడు. తగాదా పెద్దమనిషి దగ్గరకు వెళ్లింది. ఆయన మీకు పిల్లలున్నారా అని అడిగాడు. ఒకరికి కొడుకు, ఒకరికి కూతురు ఉన్నారు. వాళ్లిద్దరికీ పెళ్లి చేసి, ఆ బంగారాన్ని వాళ్ల మీద ఖర్చుపెట్టి, దానం కూడా చేయమని తీర్పు చెప్పాడు. ఇది బుఖారీ, ముస్లింలలో ఉంది.

ఆలోచించండి! నేల అడుగున సంపద బయటపడింది. ఇద్దరూ "నాది" అనలేదు, "నీది" అన్నారు. తీర్పు చెప్పిన పెద్దమనిషి దాన్ని ముందు తరానికి, పేదలకు చేర్చాడు. తనకు ఏమీ ఉంచుకోలేదు. వెతికేవాడు, భూయజమాని, పాలకుడు ముగ్గురికీ ఇందులో పాఠముంది.

ఆళ్లగడ్డ సోదరా! నీ ప్రశ్నకు నా పూర్తి జవాబు ఇది. నేల నీది. ఆ నేలకు, నీ ఇంటికి, నీ నీటికి హాని జరగకూడదన్న నీ హక్కు తిరుగులేనిది. దాని కోసం న్యాయబద్ధంగా నిలబడు. నీ పొలంలోంచి సంపద పోతుంటే అందులో నీ ఊరికి మొదటి గుక్క అడుగు. కాని అడుగున ఉన్నది నీ ఒక్కడిదీ కాదు, కంపెనీదీ కాదు, ఈ తరం మొత్తానిదీ కాదు. అది అల్లాహ్‌ది. మన చేతిలో ఉన్నది అమానత్.

అమానత్‌లను వాటి హక్కుదారులకు అప్పగించే భాగ్యాన్ని అల్లాహ్ మనకూ, మన పాలకులకూ ప్రసాదించుగాక! ఆమీన్.